ఎనిమిదో నెలలో పండక్కి ఉప్పలగుప్తం: అల్లుడుగారికి పది చిట్కాలు

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఉప్పలగుప్తంలోని అత్తారింటికి బయల్దేరుతున్నారు. మీ ఆవిడకి ఎనిమిదో నెల. లోపలున్న పిల్లో పిల్లాడో నెలలు నిండేదాకా ఓపిక పడతారని మీ నమ్మకం. పట్టకపోతే? పందెం బరి దగ్గర్నుంచి కదలకుండా, జేబులోంచి రూపాయి తీయకుండా, మీ మీద మాట పడకుండా గట్టెక్కే దారి ఇదిగో. వరసగా పాటించండి. ఒక్కటి తప్పినా ఆవిడ వేళకి ఆసుపత్రికి చేరిపోయే ప్రమాదం ఉంది.

1. కాగితాలు హైదరాబాద్‌లోనే వదిలేయండి. మాతా శిశు సంరక్షణ కార్డు, స్కానింగు రిపోర్టులు, రక్తం గ్రూపు చీటీ అన్నీ బీరువాలో పెట్టి తాళం వేయండి. బ్యాగులో ఆ చోట మీ పట్టు లాల్చీ పడుతుంది. కార్డు చేతిలో ఉంటే ఎన్నో వారమో, బీపీ ఎంతో, షుగరుందో లేదో కొత్త డాక్టరుకి నిమిషంలో తెలిసిపోతుంది. లేకపోతే అన్ని పరీక్షలూ మళ్ళీ మొదట్నుంచి చేయాలి. ఈలోగా మీరు టీ తాగి రావచ్చు. ప్రయాణం చేయవచ్చా అని ముందుగా డాక్టరుని అడక్కండి. అడిగితే ఏదో ఒకటి చెప్తారు, అప్పుడు వినాల్సి వస్తుంది.

2. నెలల్లో లెక్కపెట్టండి, వారాల జోలికి పోకండి. 37 వారాలు నిండకముందే వచ్చే కాన్పు నెలలు నిండని కాన్పనీ, ప్రపంచంలో పుట్టే ప్రతి పదిమందిలో దాదాపు ఒకరు అలాగే వస్తున్నారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ ఒక్కరూ ఎప్పుడూ ఎదురింటివాళ్ళ బిడ్డే అయ్యుంటారని గట్టిగా నమ్మండి.

3. ప్రతి నొప్పికీ వేరే పేరు పెట్టండి. ఇది ముఖ్యమైన విద్య, శ్రద్ధగా నేర్చుకోండి. నడుం లాగేస్తోందంటే కారు కుదుపులనండి. పొత్తికడుపు రాయిలా బిగిసి వదులుతోందంటే పొద్దున్న తిన్న పొట్టిక్కల మీదకి నెట్టి, వాము నీళ్ళు ఇప్పించండి. బిగింపు పదేసి నిమిషాలకి వస్తోందంటే గోడ గడియారం దింపేయండి. నీరు కారి చీర తడిసిందంటే ఉమ్మనీరన్న మాట ఎవరి నోటా రానివ్వకండి, తుమ్మితే ఎవరికైనా అలాగే అవుతుందనండి. ఎరుపు కనిపిస్తే ఒంటికి వేడి చేసిందని మజ్జిగ పోయించండి. బిడ్డ కదలిక తగ్గిందంటే పండగ పూట వాడూ కునుకు తీస్తున్నాడని నవ్వేయండి.

ఇవన్నీ అయిపోయాక చివరి అస్త్రం ఉంది: దొంగ నొప్పులు. దొంగ నొప్పులు కాస్త నడిచినా, పడుకున్నా, నీళ్ళు తాగినా సర్దుకుంటాయి. అసలువి తగ్గవు, ఒకదానికొకటి దగ్గరవుతాయి. నెలలు నిండకముందు ఆ తేడా పరీక్ష చేసి తేల్చాల్సింది డాక్టరో నర్సో. అందుకే వాళ్ళ దాకా వెళ్ళకముందే మీరు తేల్చేయాలి.

4. పెద్దల సభ పిలవండి. అత్తగారు ఒక మాట, మేనత్తగారు ఒక మాట, పక్కింటి పెద్దావిడ నాలుగు మాటలు అంటారు. అప్పుడు మీరు, "మా అమ్మనీ ఒకసారి అడుగుదాం" అనండి. అమ్మ ఫోను ఎత్తరు, భోగి పిడకలు దండ కడుతుంటారు. ఎత్తేదాకా ఆగండి. తొలికాన్పు పుట్టింటి బాధ్యత కదా అని మీరు మామగారి వైపు చూడండి. అల్లుడుగారు ఉండగా మనం ముందుకెళ్తే ఏం బావుంటుందని ఆయన మీ వైపు చూస్తారు. ఈ మర్యాదలోనే గంట గడిచిపోతుంది. కాన్పు మరణాల మీద పని చేసినవాళ్ళు మూడు ఆలస్యాలు లెక్కగట్టారు: బయల్దేరదామని తేల్చుకోవడంలో, ఆసుపత్రికి చేరడంలో, చేరాక వైద్యం అందడంలో. మొదటిదానికి డాక్టరు అక్కర్లేదు, వాహనం అక్కర్లేదు, ఇంట్లో కూర్చునే సాధించవచ్చు. నొప్పులు పడుతున్న మనిషిని మాత్రం ఏమీ అడక్కండి. ఆవిడకి తెలిసిపోయి ఉంటుంది.

5. పంచాంగం తీయండి. వర్జ్యం ఉంటే వర్జ్యం, అది దాటితే రాహుకాలం, అదీ దాటితే ఎదురుగా ఎవరో తుమ్ముతారు. పుట్టేవాళ్ళకి నక్షత్రం కావాలిగానీ ఆక్సిజన్ ఎందుకు?

6. ఏడో నెల పిల్లలు బతుకుతారు, ఎనిమిదో నెల పిల్లలు బతకరని పెద్దగా చెప్పండి. ఆవిడకి వినబడేలా చెప్పండి. మీరు ఒంటరివారు కాదు, రెండు వేల ఏళ్ళకు పైబడిన గ్రీకు వైద్య గ్రంథాల్లోనూ ఇదే మాట ఉంది. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డ ఊపిరితిత్తులకి బలమేననీ, ఎనిమిదో నెల బిడ్డకి ఏడో నెల బిడ్డకన్నా ఎక్కువ అవకాశం ఉందనీ నేటి డాక్టర్లు వాదిస్తారు. పట్టించుకోకండి.

ఈ డాక్టర్ల దగ్గర ఒక ఇంజక్షన్ ఉంది, దాంతో జాగ్రత్త. 1972లో న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హౌవీ అనే ఇద్దరు వైద్యులు, ముందుగా కాన్పయ్యేలా ఉన్న తల్లికి స్టెరాయిడ్ ఇస్తే బిడ్డ ఊపిరి నిలబడుతుందని చూపించారు. మన సర్కారీ ఆసుపత్రుల్లో ఇచ్చే డెక్సామెథసోన్ ఆ జాతిదే. చవక మందు, పన్నెండేసి గంటల ఎడంతో నాలుగు మోతాదులు. 34 వారాల లోపు తల్లికి పడి, కాన్పుకి ముందు ఒక రోజు వ్యవధి దొరికితే బాగా పనిచేస్తుంది. ఆ వ్యవధి దొరక్కుండా చూడటమే మీ పని. ఇంకో పందెం చూసి బయల్దేరండి.

7. 108కి ఫోను చేయకండి. అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. డబ్బులు తీసుకోదు. డబ్బు తీసుకోని బండిలో హైదరాబాద్ అల్లుడు ఎక్కితే ఊళ్ళో పరువేం కాను? పైగా అందులో నేర్పున్న మనిషి ఉంటాడు, దారిలో కాన్పైనా చూసుకుంటాడు. 2011 నుంచి జననీ శిశు సురక్ష పథకం కింద సర్కారీ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, భోజనం, జబ్బుపడ్డ పసిబిడ్డకి వైద్యం అన్నీ ఉచితమే. ఈ సంగతి ఇంట్లో ఎవరికైనా తెలిస్తే ఖర్చు వంక మీ చేతిలోంచి జారిపోతుంది. కాబట్టి బావమరిది బైకు తెప్పించండి. వెనక్కాల ఒక వైపుకి కూర్చోబెట్టండి.

8. దారిని పొడిగించండి. ఉప్పలగుప్తం నుంచి అమలాపురం ఏరియా ఆసుపత్రి దగ్గరే. అంత దగ్గర కావడమే ఇబ్బంది. ముందు ఎస్.యానాం బీచ్ గాలి తగిలితే నొప్పులు తగ్గుతాయేమో చూడండి. ఆ తర్వాత, "మన డాక్టరమ్మ హైదరాబాద్‌లో ఉన్నారు, అక్కడే పురుడు పోయించుకుందాం" అని కారు ఎక్కించండి. అమలాపురానికి రైలుంటే హాయిగా పడుకోబెట్టి తీసుకెళ్ళేవాణ్ణని నిట్టూర్చండి. కోటిపల్లి–నర్సాపురం లైను పూర్తయ్యేదాకా ఈ మాట చెల్లుతుంది.

తప్పనిసరై అమలాపురం చేరితే, అక్కడివాళ్ళు కాకినాడ పెద్దాసుపత్రికి పంపిస్తామనవచ్చు. గోదావరి దాటాలి, ఈవేళప్పుడు పంటు ఉండదని అడ్డం తిరగండి. ఎదుర్లంక–యానాం వంతెన వచ్చి ఇరవయ్యేళ్ళు దాటిందని ఎవరైనా గుర్తుచేస్తే, "పుట్టనివ్వండి, ఆనక పిల్లని తీసుకెళ్దాం" అనండి. నెలలు నిండని బిడ్డని పెద్దాసుపత్రికి చేర్చడానికి అమ్మ కడుపును మించిన బండి లేదని వాళ్ళంటారు. వినకండి.

9. దారిలోనే పుడితే చకచకా పని కానివ్వండి. బ్లేడు దొరికితే బొడ్డు కోసేయండి, పసుపు అద్దండి. చల్లటి నీళ్ళతో స్నానం చేయించి, ఫొటో తీసి, బంధువులందరి చేతులూ మార్చండి. బిడ్డని తుడిచి, తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి పొడి గుడ్డ కప్పమని ఎవరైనా అంటే నవ్వండి. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియా దేశపు బొగోటా ఆసుపత్రిలో మొదలైన పద్ధతి అది, కంగారూ సంరక్షణ అంటారు. బొడ్డు ముట్టుకోకుండా నిపుణులు వచ్చేదాకా ఆగాలట, స్నానం కనీసం ఒక రోజు ఆపాలట. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ ఒంట్లో వేడి ఇట్టే పోతుందని డాక్టర్ల భయం. పండగనాడు స్నానం మానేస్తామా?

10. నింద ఎవరి మీద వేయాలో ముందే రాసిపెట్టుకోండి. మొదటి పేరు ఆవిడది: మెట్లెక్కింది, బొప్పాయి తింది, గ్రహణం నాడు కదిలింది. రెండోది అత్తగారిది: ఎనిమిదో నెలలో పండక్కి పిలిచింది. మూడోది డాక్టరుది: ముందే ఎందుకు చెప్పలేదు? మీరు అడగలేదన్న సంగతి పదో చిట్కా దాకా ఎవరికీ గుర్తుండదు.

ఆఖరుగా ఒక హెచ్చరిక. ఇంత కష్టపడినా మీ ఏర్పాట్లన్నీ చెడగొట్టే మనిషి ఆ వీధిలోనే ఉంటుంది. ఆమె ఆశా కార్యకర్త. ముగ్గు తొక్కుకుంటూ లోపలికొస్తుంది, "ఎన్నో వారమమ్మా?" అని మిమ్మల్ని వదిలేసి ఆవిడనే అడుగుతుంది, ఎవరి అనుమతీ తీసుకోకుండా 108కి ఫోను కొడుతుంది. ఆమెని గుమ్మం దాటి రానివ్వకండి. వచ్చిందంటే మీ శ్రమంతా వృథా. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికొచ్చేస్తారు, వచ్చే సంక్రాంతికి ముగ్గురు బయల్దేరాల్సి వస్తుంది.