మూడు బంతుల ముచ్చట

నన్ను చూస్తే పిల్లలు బొమ్మ అనుకుంటారు. పెద్దలూ అంతే, పైకి అనరు. ప్లాస్టిక్ పెట్టె, మూడు గొట్టాలు, గొట్టానికో బంతి, పక్కనో పైపు. మందుల షాపులో స్పైరోమీటర్ అంటారు. నన్ను ఊదకూడదు, పీల్చాలి. ఎంత చెప్పినా ఊదేవాళ్లే ఎక్కువ. బంతి కదలకపోతే నేనే చెడిపోయానంటారు.

గుండె బైపాస్ ఆపరేషన్‌లో రొమ్ము ఎముక కోసి మళ్లీ తీగతో బిగిస్తారు. ఆ నొప్పికి జడిసి మనిషి పైపైన గాలి పీలుస్తాడు. ఊపిరితిత్తుల అడుగున కఫం పేరుకుంటుంది, నిమోనియాకు దారితీస్తుంది. అక్కడే నా పని. ఒక బంతి లేస్తే సెకనుకు 600 మిల్లీలీటర్ల గాలి, రెండు లేస్తే 900, మూడూ లేస్తే 1200.

నా పెద్దాయనది యానాం. చెన్నైలో ఆపరేషన్ అయ్యాక కిరుమాంబాక్కం అనే తమిళ ఊళ్లో కొడుకింటికి చేరాడు. ఆసుపత్రిలో నర్సమ్మ ఛాతీకి దిండు అదిమి పట్టించి దగ్గించేది, మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు నన్ను పీల్పించేది. మూడో బంతి లేచిన రోజు పక్క మంచాలవాళ్లు కూడా తొంగిచూశారు. నా వైభవం అంతవరకే.

ఇంట్లో మొదట టీవీ పక్కన పెట్టారు. తర్వాత ఫ్రిజ్ మీదికి, అక్కణ్నుంచి మనవడి బొమ్మల బుట్టలోకి. నా మీద కారు, కారు మీద ఏనుగు. పైపు పామై ఇల్లంతా పాకి ఎటో పోయింది.

పెద్దాయన అడగనే లేదు. పడుకుంటే మళ్లీ లేవనేమోనని రాత్రుళ్లు కూర్చునే ఉండేవాడు. తమిళం రాదు, వీధిలో పలకరించే దిక్కు లేదు. ఊరికే కళ్లనీళ్లు. "ఆపరేషన్ బాగా అయింది కదా నాన్నా, ఇంకేంటి?" అనేవాడు కొడుకు. బీపీ చూసేవారు, ఉప్పు తగ్గించేవారు. గాలికి నేనున్నాను గానీ దిగులుకు కొలతేది?

ఉందట. ఆరుపడైవీడు మెడికల్ కాలేజీ ఉన్న ఊరు కదా, నర్సింగ్ పిల్లలకు కొదవలేదు. పక్క వాటాలో ఉండే తాళ్లరేవు తెలుగమ్మాయి ఓ సాయంత్రం వచ్చి కూర్చుంది.

"తాతగారూ, ఈ రెండు వారాల్లో ఏ పని మీదా మనసు పోని రోజులెన్ని? దిగులుగా ఉన్న రోజులెన్ని?"

గుండెజబ్బు మనుషుల్ని కనీసం ఈ రెండూ అడగమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2008లోనే చెప్పింది. గుండెపోటు వచ్చినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరు కుంగుబాటులో పడతారు. పడ్డవాళ్లలో కొందరు మందులు మానేస్తారు, నడక మానేస్తారు. మానేసినవాటి జాబితాలో నేనూ ఉన్నాను.

"రోజూ అంతేనమ్మా" అన్నాడు పెద్దాయన. కొడుకు గుమ్మంలోనే ఆగిపోయాడు. డాక్టరుకు ఈ సంగతి కూడా చెప్పమని, పొద్దుటి నడకకు తోడెళ్లమని అతనికి చెప్పి, ఆ పిల్ల బుట్టలోంచి నన్ను పైకి తీసింది.

"దీని పైపేదిరా?"

మనవడు నోరెత్తలేదు.