నట్టుబోల్టీయము: టీకాతాత్పర్యసహితము

మూలము
4–ఎం20 బోల్టులు, గ్రే. 8.8, రంధ్రం 22, అంచు 35, యు.ఎన్.ఓ.

అవతారిక
షెడ్డులో దూలము స్తంభమును చేరు చోటునకై, డ్రాయింగు అడుగున, చీమతలంత అక్షరములతో సూత్రకారుడు చెప్పినది. చదివినవారికన్న బిగించినవారు ఎక్కువ.

ప్రతిపదార్థము
4 = నాలుగు (స్టోర్సువారు మూడే ఇచ్చిననాడు తప్ప వివాదము లేదు); ఎం20 = 20 మిల్లీమీటర్ల లావు గల; గ్రే. 8.8 = ఇది దశాంశము కాదు. చుక్కకు ముందరిది నూరింతలైన 800 మెగాపాస్కళ్లు, తెగు బలము; తరువాతిది అందు పదింట ఎనిమిది వంతులు, అనగా 640, సాగ మొదలిడు బలము; రంధ్రం 22 = బోల్టుకన్న రెండు మిల్లీమీటర్లు వదులైన; అంచు 35 = ప్లేటు చివరినుండి రంధ్రమధ్యమునకు దూరము. మిషనుపై కోసిన అంచునకు ఉక్కు కట్టడముల ప్రమాణగ్రంథమైన ఐ.ఎస్. 800 అడుగునది రంధ్రమునకు ఒకటిన్నర రెట్లే, అనగా 33, తక్కిన రెండును సూత్రకారుని దయ; యు.ఎన్.ఓ. = వేరుగా చెప్పనిచో (వేరుగా చెప్పిన షీటు సైటున దొరకదు).

తాత్పర్యము
బోల్టులు బిగింపుము.

విశేషములు
బరువు మోయునది ఎవరు? బోల్టే యని పూర్వపక్షము. ప్లేట్లు జారి, ఆ రెండు మిల్లీమీటర్ల వదులు తీరి, బోల్టు నడుమునకు ఆని దానిని అడ్డముగా కోయజూచును. కోతపడు చోట మరలున్నచో 314 చదరపు మిల్లీమీటర్ల నడుము 245కు చిక్కిపోవును. ఘర్షణవాదులు ఒప్పరు: బోల్టు మోయదు, పిండును, ఆ పిండుటచే ప్లేట్ల నడుమ పుట్టిన రాపిడియే మోయును. కావున ఆనుముఖములకు మామూలు రంగు పూసిన పెయింటరు వీరికి పరమశత్రువు. 8.8 ఉభయమతములకును చెల్లును గనుక సూత్రకారుని హృదయము తెలియదు. డిజైను ఆఫీసునకు ఫోను చేయుటయే శరణ్యము.

బిగింపునకు తొలిమెట్టు, మామూలు స్పానరుతో ఒక మనిషి పూర్తిబలము. ఏ మనిషి, భోజనమునకు ముందా తరువాతనా యని శాస్త్రము పలుకదు.

పాఠభేదము
సైటు ప్రతులలో ‘రంధ్రం 26’ అని కలదు. కుదరని రంధ్రమును రీమరుతో సవరింపక గ్యాసుతో కాల్చుటచే పుట్టిన పాఠము; అగ్రాహ్యము.

ప్రక్షిప్తము
కొన్నిట బోల్టుతల చుట్టును వెల్డింగు కానవచ్చును. 8.8 బోల్టు కాగి, చల్లారి, మరల కాగి బలము గడించినది. వెల్డింగు వేడికి ఆ తపస్సు భంగమగును. నట్టు దొరకని ఏదో రాత్రి షిఫ్టున ఇది చేరినదని విమర్శకుల మతము.