రాకీ భాయ్ కోట ఎక్కడ?

శనివారం సాయంత్రానికి గుంటూరు నుంచీ హైదరాబాదు నుంచీ కార్లేసుకొచ్చి జనం మా వాడరేవు అలల్లో తడుస్తారు. ఆ రద్దీ పడలేక మేం ఇంకో ఊరు చూడబోతాం. ఈసారి మా బాబాయి బంగారం చూస్తానన్నాడు. కాసు కొనే ఓపిక ఎటూ లేదు, తవ్విన చోటన్నా చూద్దామని కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌కి బయల్దేరాం.

"రాకీ భాయ్ కోట ఎక్కడ బాబూ?" అనడిగాడు బాబాయి, బండి దిగీ దిగగానే.

"అది కేజీఎఫ్ సినిమా సెట్టింగండీ," అన్నాడు ఆటో అబ్బాయి. చిత్తూరు పొలిమేర పక్కనేగా, తెలుగు బాగానే వచ్చు.

గనులు మూసేసిన 2001 ఫిబ్రవరి 28న ఊరి మొహం ఎట్లా ఉందో, బాబాయి మొహం అట్లా అయింది.

అయినా చూడ్డానికి లోటేం లేదు. ముందు సయనైడ్ దిబ్బలు. రాయిని పిండి చేసి, సయనైడ్‌తో బంగారం లాగేశాక మిగిలిన మట్టి. నూట ఇరవై ఏళ్లలో దాదాపు 800 టన్నుల బంగారం ఊరు దాటింది. మట్టి మాత్రం విశ్వాసంగా ఇక్కడే ఉండిపోయింది. గాలి తోలితే ఇళ్లలోకీ వచ్చి పలకరిస్తుంది. దాని ముందు బాబాయి ఇరవై సెల్ఫీలు దిగాడు.

చాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్ల పైమాటే. వాడరేవు నుంచి చీరాలకు సగం దారి నిట్టనిలువునా దిగినట్టు. మేం గేటు చూసొచ్చాం. శివనసముద్రం నుంచి 1902లోనే కరెంటు తెచ్చిన గనులివి, బెంగళూరు కంటే ముందే. దొరలకు బంగళాలు, కూలీలకు లైన్లలో ఒంటిగది కొంపలు. 1965లో ఆ లోతుల్లోనే శాస్త్రవేత్తలు న్యూట్రినోల జాడ పట్టారు. భూగోళంలోంచి దూసుకుపోయే కణమే దొరికింది గానీ, కూలీ ఊపిరితిత్తుల్లో పేరుకున్న రాతిపొడి మాత్రం ఎటూ పోలేదు.

తిరుగు ప్రయాణానికి తెల్లారకముందే మారికుప్పం స్టేషన్‌కి పోతే తిరణాల. అందరూ బెంగళూరు పనులకే. తాతలు ఇనప బోనులో కిందికి దిగితే, మనవలు పెట్టెల్లో కిక్కిరిసి పోతున్నారు.

"ఏందిరా, మనం చూడ్డానికొస్తే ఊరే లేచిపోతోంది?" అన్నాడు బాబాయి.

ఎవరో సర్దుకుని ఆయనకి కాస్త చోటిచ్చారు. "ఏం చూశారండీ మా ఊళ్లో?" అనడిగాడు పక్కతను. బాబాయి ఉత్సాహంగా ఫోన్ తీసి దిబ్బ ముందు దిగిన ఫొటో చూపించాడు. అతను వేళ్లతో దాన్ని పెద్దది చేసి, ఓ మూలకి జరిపాడు.

"ఆ రేకుల కప్పు మాదేనండీ."