శ్రీనివాసత్రయ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

నామ మొకటి కాగ నాదయోగులు గారె
శ్రీనివాసు లనిన చెవికి తేనె
ఎవరి పాట యైన నేమిలే భేదము
కరము తట్టుడయ్య కనులు మూసి

అవతారిక. ఒకానొక సినీ సంగీత విభావరిలో వ్యాఖ్యాత గారు పాటకూ పాటకూ మధ్య, పాటకన్నా ఎక్కువ సేపు సెలవిచ్చిన వాక్కుల సారమిది. ఛందస్సు నాది, భావం వారిది. ఒకే పేరున్న విద్వాంసులను ఏరి ఒక దండలో గుచ్చి దానికి 'త్రయం' అని పేరు పెట్టడం ఈ మధ్య విభావరులకు పట్టుకున్న వేడుక. కొలచల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. నాకంత నిగ్రహం లేదు.

ప్రతిపదార్థం. సుగమం.

విశేషం. ప్రథమ శ్రీనివాసుడు పి.బి. శ్రీనివాస్, 1930లో కాకినాడలో పుట్టినవారు. ఆ రెండు పొడి అక్షరాలను వ్యాఖ్యాత గారు 'పీబీ' అని ఒక్క గుక్కలో మింగేశారు. అవి విప్పితే ప్రతివాది భయంకర! వాదంలో ఎదుటివారిని గడగడలాడించిన పండితుడికి దక్కిన బిరుదు వంశానికి ఇంటిపేరైంది. ఆ ఇంటిపేరు పెట్టుకొని పుట్టిన గొంతేమో చీమకైనా భయం కలిగించదు. తమిళంలో జెమినీ గణేశన్‌కు, కన్నడంలో రాజ్‌కుమార్‌కు ఆ గొంతే ఆసరా. కన్నడిగులు ఆయనను తమవాడే అనుకున్నారు. మనం అప్పుడప్పుడు అనుకున్నాం.

ఆ బిరుదు మొదట పొందిన అణ్ణన్ ఆచార్యులు మణవాళ మహామునుల శిష్యుడు. తిరుమల కొండమీద అసలు శ్రీనివాసుణ్ణి రోజూ నిద్రలేపే సుప్రభాతం ఆయన రచనే. అందులో మొట్టమొదటి శ్లోకం మాత్రం వాల్మీకిది. బాలకాండలో విశ్వామిత్రుడు రాముణ్ణి లేపిన సందర్భం. అనగా ఒక అవతారానికి చెప్పిన మేలుకొలుపును ఇంకొక మూర్తికి అన్వయించి, అక్కణ్ణుంచి సొంత శ్లోకాలు అల్లుకుపోయాడు. ఎంత సొగసైన ఎత్తుగడ! ఎవరినో లేపుతున్నట్టు మొదలై, వేంకటాద్రి మీద తెల్లవారుతుంది. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో రికార్డుగా వచ్చాక అది వినబడని తెలుగు వీధి లేదు. కాఫీ తాగుతూ వినే మనలో రాసినవాడి పేరు ఎందరికి తెలుసు? మనవాళ్లకు గొంతు ఉంటే చాలు, కలం అక్కర్లేదు. ఇంతకీ విభావరి సంగతి.

ద్వితీయుడు మాండలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టి, పరాయి వాద్యానికి కర్ణాటక గమకాలు నేర్పి, 2014లో నలభై అయిదేళ్లకే వెళ్లిపోయిన ఉప్పలపు వారి బిడ్డ. 'ఎవరి పాట యైన' అన్న చోట ఒక శంక. ఆయన ఖ్యాతి వాద్యంతో కదా, పాట ఎక్కడిది? 'శ్రీనివాస నామం కలవాడు గాయకుడు' అని లక్షణం చెబితే వాదకుడి దగ్గర అతివ్యాప్తి. సుశీల, జానకి గాయకులు కాకుండా పోతారు గనుక అవ్యాప్తి. తార్కికుడు అన్నంభట్టు బతికుంటే సభ మధ్యలో లేచి వెళ్లిపోయేవాడు. నేను టికెట్ కొన్నాను గనుక కూర్చున్నాను. ఆ మహావాదకుడికి నివాళిగా కీబోర్డు మీద మాండలిన్ మీట నొక్కి వాయించారు! పాపం ఆ వాయించిన కుర్రాడి పేరైనా చెప్పలేదు.

తృతీయుడు ఘంటసాల వెంకటేశ్వరరావు. శ్రీనివాసుడే వేంకటేశ్వరుడు గనుక చెల్లుతుందని వ్యాఖ్యాత గారి సమన్వయం. భేష్. ఈ పర్యాయన్యాయం ప్రకారం ద్వారం వెంకటస్వామి నాయుడు చతుర్థుడు, డెబ్భై రెండు మేళాలు కట్టిన వేంకటమఖి పంచముడు, మా వీధి నాదస్వరం వెంకన్న షష్ఠుడు. కొండ దిగి వచ్చేలోగా సంగీత చరిత్రంతా త్రయంలో ఇమిడిపోతుంది.

తాత్పర్యం. పేర్ల చుట్టుకొలతకు ఇంత సమయం పోయాక పాటకు మిగిలేది పల్లవీ ఒక చరణమూ. 'పుష్పవిలాపం' ఒక్క పద్యంతో ఆపేశారు. కరుణశ్రీ ఊసే లేదు. ఆ పూలకు నోరిచ్చింది ఆయన కాదా? 'లేత మనసులు' యుగళగీతం పాడించారు, స్వరం కట్టిన ఎం.ఎస్. విశ్వనాథన్‌ను తలచలేదు, ఆయన పేరు శ్రీనివాస్ కాదు గదా! రెండున్నర గంటలు తల దించకుండా తబలా వాయించిన పెద్దాయన ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. సన్మానానికి పిలిచిన స్థానిక కార్పొరేటరు పేరు మాత్రం ఇంటిపేరుతో, బిరుదులతో, తండ్రి పేరుతో సహా కంఠస్థమైంది.

పాఠాంతరం. నాలుగో పాదంలో 'కనులు మూసి'కి బదులు 'చెవులు మూసి' అని కొన్ని ప్రతుల్లో కనబడుతోంది. యతి చెడుతుంది. అయినా నేను ఆ పాఠాన్నే గ్రహించాను.