వినకూడని సలహాలు: బ్రిటన్ నుంచి అమెరికాకి కాపురం మార్చేవాళ్లకి

రెడింగ్‌లో ఎనిమిదేళ్లు కాపురం చేశాం. 2024లో మా వారిని కంపెనీ ఎల్-1 వీసా మీద డాలస్ ఆఫీసుకి బదిలీ చేసింది. ఏడేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, ఎనిమిది సూట్‌కేసులు. ఆ అక్టోబరు మొదటి వారంలో డాలస్ పక్కన ఫ్రిస్కోలో దిగాం. వెళ్తున్నామన్న కబురు తెలిసిన దగ్గర్నుంచి దిగేదాకా సలహాలకి లోటు లేదు. హన్స్‌లోలో ఉండే బాబాయి, ఎడిసన్ వదిన, మా వారి ఆఫీసువాళ్లు, గుంటూరు నుంచి నాన్న, అందరూ మా మంచి కోరే చెప్పారు. ఆ మాటలు నమ్మి నేను వేసిన బడ్జెట్ మాత్రం మూడో నెలకే కుదేలైంది. రేపు మీకూ ఎవరో ఒకరు ఇవే మాటలు చెబుతారు. అందుకే వాటిని విన్నవి విన్నట్టు రాసి, ఎక్కడ దెబ్బతీస్తాయో కూడా రాస్తున్నాను.

"పౌండ్లని డాలర్లు చేసి చూసుకో, మిగులెంతో తెలిసిపోతుంది"

ఇది బాబాయి మాట. రెడింగ్‌లో జీతం 70,000 పౌండ్లు. పౌండుకి డాలరు ముప్పై సెంట్ల లెక్కన 91,000 డాలర్లు. డాలస్‌లో ఇస్తామన్నది 1,20,000. "ఏడాదికి 29 వేలు మిగిలినట్టేనమ్మా" అన్నారు. పైగా టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఆ 29 వేలు ఎలా దాచాలో కూడా నేను అప్పుడే రాసేసుకున్నాను.

ఆ లెక్కలో ఉన్నది పే స్లిప్పులో కనపడే సొమ్ము ఒక్కటే. బ్రిటన్‌లో మనకి అందేవాటిలో చాలా భాగం పే స్లిప్పుకి ఎక్కదు. జీపీ దగ్గరికి వెళ్తే ఎవరూ డబ్బడగరు. పిల్లల మందులకి ప్రిస్క్రిప్షన్ చార్జీ లేదు. నాలుగేళ్లు నిండిన పిల్లకి ఆ సెప్టెంబరులోనే రిసెప్షన్ క్లాసులో సీటు. ఏడాదికి 28 రోజులు జీతంతో సెలవు చట్టంలోనే ఉంది. వీటికి మన పన్నుల్లోంచే కడుతున్నాం. చేతికి బిల్లు రాదు కాబట్టి వీటికో ధర ఉందన్న సంగతే మర్చిపోతాం. అమెరికాలో ఒక్కోదానికీ విడిగా బిల్లు వస్తుంది. సెలవు మాటకొస్తే, ప్రైవేటు ఉద్యోగికి జీతంతో ఇన్ని రోజులు ఇచ్చి తీరాలన్న ఫెడరల్ చట్టమే లేదు.

ఇప్పుడు నన్నెవరైనా అడిగితే ఖర్చుల పద్దు తర్వాత రాయమంటాను. ముందు ఒక నెలపాటు, డబ్బివ్వకుండా వాడుకున్న ప్రతిదాన్నీ నోటుబుక్కులో రాసుకోండి. పక్క గడి ఖాళీగా ఉంచి, వెళ్లబోయే ఊళ్లో దాని ధర కనుక్కుని నింపండి. మేం ఆ పని చేసి ఉంటే ఆ 29 వేలలో ఎంత నిలుస్తుందో విమానం ఎక్కకముందే తెలిసేది.

"వైద్యం గురించి బెంగ వద్దు, కంపెనీ ఇన్సూరెన్స్ ఉందిగా"

మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ ముంచిన సలహా ఇదే. ఇన్సూరెన్స్ ఉంది, నిజమే. అందులో మన వాటా ప్రీమియం నెలకి 540 డాలర్లు జీతంలోంచే కోసుకుంటారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. డిడక్టిబుల్ అనే మాట వినడమే గానీ దాని బరువు నాకు తెలియదు. ఏటా మొదట ఇంత సొమ్ము మన జేబులోంచి పెడితే గానీ బీమా తన వాటా తియ్యదు. మా ప్లానులో కుటుంబానికి అది 3,000. ఆ తర్వాత కూడా ప్రతి బిల్లులో కొంత శాతం మనదే.

నవంబరు ఆఖర్లో బాబు పార్కులో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎమర్జెన్సీ, ఎక్స్‌రే, ఎముకల డాక్టరు, కట్టు, అన్నీ కలిపి మా చేతినుంచి 2,600 డాలర్లు పోయింది. అంతకు రెండేళ్ల ముందు రెడింగ్‌లో వాడి గడ్డానికి కుట్లు వేయించినప్పుడు మాకైన ఖర్చు కారు పార్కింగ్ ఒక్కటే. సరే, డిడక్టిబుల్ దాదాపు నిండింది, ఇక బీమా చూసుకుంటుందని గుండె దిటవు చేసుకున్నాను. కట్టు విప్పింది జనవరి మొదటి వారంలో. మా ప్లానులో జనవరి 1 రాగానే డిడక్టిబుల్ లెక్క మళ్లీ సున్నా దగ్గర మొదలవుతుందని ఆ బిల్లు చూశాకే తెలిసింది. ఆ తర్వాత ఫిజియోథెరపీ అంతా మళ్లీ మా సొమ్ముతోనే.

కాబట్టి అక్టోబరులోనో నవంబరులోనో వెళ్లేవాళ్లు ఆరు నెలల్లో రెండు డిడక్టిబుల్స్‌కి డబ్బు పక్కన పెట్టుకోవాలి. బదిలీ తేదీ జనవరికి జరుపుతారేమో కంపెనీని అడగండి. మేం అడగలేదు. ఇన్సూరెన్స్ ఏ రోజునుంచి అమల్లోకి వస్తుందో రాతలో తీసుకోండి. కొత్తగా చేరినవాళ్లని 90 రోజుల దాకా ఆపే వీలు చట్టమే ఇస్తోంది. ఏడాదికి మన జేబులోంచి పోగలిగే గరిష్ఠ మొత్తాన్ని అవుటాఫ్ పాకెట్ మాగ్జిమం అంటారు. నెట్‌వర్కులో ఉన్న డాక్టర్ల దగ్గర, 2025లో చట్టం పెట్టిన పై హద్దు ఒక మనిషికి 9,200 డాలర్లు, కుటుంబానికి 18,400. మీ ప్లానులో ఆ అంకె ఎంతో చూసి నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. చెడ్డ ఏడాది వస్తే ప్రీమియం కాక దిగాల్సిన లోతు అది.

కడుపుతో ఉన్నవాళ్లకీ, బిడ్డ కోసం చూస్తున్నవాళ్లకీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. బ్రిటన్‌లో 52 వారాల ప్రసూతి సెలవు, అందులో 39 వారాలకి చట్టప్రకారం ఎంతోకొంత జీతం. అమెరికా ఫెడరల్ చట్టమిచ్చేది 12 వారాలు, జీతం లేకుండా. అదీ ఆ సంస్థలో ఏడాది పనిచేసి ఉంటేనే. ఎవరెంత తొందరపెట్టినా, ఈ లెక్క తేలకుండా బదిలీకి ఒప్పుకోకండి.

"బడి ఫ్రీ కదా, పిల్లలకేం ఖర్చు?"

పెద్దవాడికి ఖర్చు లేదు. పాప సంగతి వేరే. జూన్‌లో దానికి నాలుగు నిండాయి. సెప్టెంబరులో రెడింగ్‌లో రిసెప్షన్‌లో చేరి, యూనిఫాం వేసుకుని, నెలరోజులు బడికి వెళ్లింది కూడా. టెక్సస్‌లో కిండర్‌గార్టెన్‌కి సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండాలి. నాలుగేళ్లవాళ్లకి ప్రభుత్వ ప్రీ-కె ఉంది గానీ, ఉచిత సీటు తక్కువ ఆదాయం, ఇంగ్లిషు రాకపోవడం లాంటి కొన్ని అర్హతలున్న పిల్లలకే. బడికి వెళ్తున్న పిల్ల మళ్లీ డేకేర్‌కి వెళ్లింది. నెలకి 1,400 డాలర్లు. పది నెలలకి 14,000. బాబాయి చెప్పిన మిగులులో దాదాపు సగం అక్కడే పోయింది. మూడు, నాలుగేళ్ల పిల్లలున్నవాళ్లు పుట్టినరోజు పక్కన వెళ్లే రాష్ట్రంలో వయసు గడువు తేదీ రాసుకుని చూసుకోండి.

"ఇద్దరి జీతాలూ రాసుకో, నీకూ అక్కడ ఉద్యోగం వచ్చేస్తుంది"

ఎల్-1 మనిషి వెంట ఎల్-2 మీద వెళ్లే భార్యకో భర్తకో పనిచేసే హక్కు వీసాతోనే వస్తుంది. 2022 నుంచి ఐ-94 మీద ఎల్-2ఎస్ అని రాసిస్తున్నారు. హెచ్-1బీ మనిషి వెంట హెచ్-4 మీద వెళ్లేవాళ్లకి అలా కాదు. హెచ్-1బీ మనిషి గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే గానీ పని అనుమతి దొరకదు. హక్కున్న నాకే ఉద్యోగం దొరకడానికి ఏడు నెలలు పట్టింది. మొదటి ఆరు నెలలకీ మీ గడిలో సున్నా రాయండి.

"కంపెనీ చేతిలో పెట్టే సొమ్ముతో గట్టెక్కొచ్చు"

టికెట్లు, సామాను రవాణా కాక, కాపురం పెట్టుకోవడానికి 12,000 డాలర్లు ఇస్తామన్నారు. బ్రిటన్‌లో బదిలీ ఖర్చులకి ఇచ్చే దాంట్లో, నిబంధనలకి లోబడి, 8,000 పౌండ్ల దాకా పన్నుండదు. మా వారి ఆఫీసులో ఒకాయన అదే నమ్మకంతో "ఆ సొమ్ము మొత్తం మీదే" అన్నారు. అమెరికాలో 2018 నుంచి దాన్ని జీతంగానే లెక్కగడుతున్నారు. అలాంటి అదనపు చెల్లింపు మీద ఫెడరల్ పన్ను కింద 22 శాతం, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం ముందే పట్టుకుంటారు. మాకు అందింది 8,442. మూడున్నర వేలు తేడా! కొత్త ఊళ్లో మొదటి నెలలో అది ఇంటి అడ్వాన్సుకి పనికొచ్చే సొమ్ము.

దీనికి మందు ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఉంది. పన్ను కూడా కంపెనీయే భరించడాన్ని గ్రాస్ అప్ అంటారు. 12,000 చేతికి రావాలంటే కంపెనీకి 17,000 పైచిలుకు అవుతుంది. మా వారు మొహమాటపడి అడగలేదు. మీరు అడగండి. ఏడాదిలోనో రెండేళ్లలోనో ఉద్యోగం మానేస్తే ఆ సొమ్ము వెనక్కి కట్టాలన్న షరతు ఉందేమో, ఉంటే పన్ను పోకముందు మొత్తమా, పోయాక మిగిలిందా, అది కూడా అడగండి.

"ఐసా కదపకు, దానికి పన్ను లేదు"

బ్రిటన్‌లోని ఈ పొదుపు ఖాతాకి అక్కడ పన్ను లేదు, నిజమే. అమెరికా ఐసాని గుర్తించదు. ఐసాలో ఉన్న బ్రిటిష్ ఫండ్లయినా, ఇండియాలో మ్యూచువల్ ఫండ్లయినా పీఎఫ్ఐసీ అనే కఠినమైన పన్ను నిబంధనల కిందికి వస్తాయి. వాటి ఫారాలు నింపడానికి అకౌంటెంటుకిచ్చే ఫీజే కొన్నిసార్లు ఫండు లాభాన్ని మింగుతుంది. అమెరికాలో పన్ను నివాసి కాకముందే, బ్రిటన్‌లో ఉండగానే ఐసాలోని ఫండ్లు అమ్ముకుంటే రెండుచోట్లా పన్ను లేదు.

నాన్న పేరూ నా పేరూ కలిపి గుంటూరులో ఉన్న డిపాజిట్ సంగతి నాకు గుర్తే రాలేదు. బయటి దేశాల ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ రిపోర్టు ఇవ్వాలి. బ్రిటన్ ఖాతాలు, ఎన్‌ఆర్‌ఈ ఖాతాలు, అమ్మానాన్నలతో జాయింటుగా ఉన్నవి, అన్నీ లెక్కలోకి వస్తాయి. రిపోర్టు ఇవ్వడానికి డబ్బు కట్టక్కర్లేదు, ఇవ్వకపోతే జరిమానా వేలల్లో ఉంటుంది. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా అమెరికాలో ఉంది. మొదటి ఏడాది రెండు దేశాలూ తెలిసిన అకౌంటెంటు ఫీజు బడ్జెట్‌లో ఒక పద్దుగా పెట్టండి.

"సామానంతా పంపెయ్, ఖర్చు కంపెనీదే"

మిక్సీ, గ్రైండరు, ఓవెను 230 వోల్టులవి, అక్కడ ఉన్నది 120. బ్రిటన్ కింగ్ సైజు పరుపు అమెరికా క్వీన్ కన్నా రవ్వంత చిన్నది, మా దుప్పట్లేవీ అక్కడి కింగ్ మంచానికి సరిపోలేదు. పుస్తకాలు, ఇత్తడి సామాను, పిల్లల బొమ్మలు పంపండి, చాలు. కారు గురించి ఎవరూ చెప్పలేదు. రెడింగ్‌లో బడికి నడక, ఆఫీసుకి రైలు. ఫ్రిస్కోలో రెండో కారు లేకపోతే నేను పాలపాకెట్‌కి కూడా ఆయన కోసం ఎదురుచూడాలి. తొమ్మిదేళ్ల నో క్లెయిమ్స్ కాగితాన్ని మేం అడిగిన ఏ బీమా కంపెనీ పట్టించుకోలేదు. క్రెడిట్ హిస్టరీ లేదని కారు లోను వడ్డీ ఎక్కువేశారు, ఇంటి ఓనరు అదనపు అడ్వాన్సు అడిగాడు.

"నచ్చకపోతే వెనక్కి వచ్చేయొచ్చు, ఐఎల్ఆర్ ఉందిగా"

వదిన ఈ మాట ధైర్యం కోసం చెప్పింది. ఐఎల్ఆర్ అంటే బ్రిటన్‌లో శాశ్వతంగా ఉండే అనుమతి. దాని మీద వెళ్లినవాళ్లు ఏకధాటిగా రెండేళ్లకు మించి బ్రిటన్ బయట ఉంటే అది రద్దవుతుంది. అటుపక్క గ్రీన్ కార్డు క్యూ పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది. చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నా, గుంటూరులో పుట్టిన మనిషిది ఇండియా క్యూయే, ఆ క్యూ ఏళ్లకేళ్లు సాగుతుంది. ఉద్యోగం పోతే దేశంలో ఉండడానికి గరిష్ఠంగా 60 రోజులు. హెచ్-1బీ వాళ్లు ఆలోగా ఇంకో కంపెనీకి మారొచ్చు. ఎల్-1 వాళ్లకి ఆ దారి కూడా సులువు కాదు, కొత్తగా వేరే వీసా తెచ్చుకోవాలి.

అందుకే తిరుగు ప్రయాణానికి విడిగా ఒక పద్దు ఉండాలి. నాలుగు టికెట్లు, ఇంటి లీజు మధ్యలో వదులుకుంటే కట్టాల్సింది, రెడింగ్‌లో మళ్లీ అయిదు వారాల అద్దె డిపాజిట్, మూడు నెలల తిండి ఖర్చు. అది పౌండ్లలో, బ్రిటన్ ఖాతాలో ఉండాలి. దేశం వదిలాక ఆ ఖాతా ఉంచుతారో లేదో బ్యాంకుని ముందే అడగండి.

మా ఫ్రిజ్ మీద ఐఎల్ఆర్ గడువు 2026 అక్టోబరు 4 అని పెద్ద అక్షరాలతో రాసుంది. ఇది రాస్తున్న 2025 సెప్టెంబరు నాటికి ఇంకా పదమూడు నెలల టైముంది. ఆగస్టులో పాప కిండర్‌గార్టెన్‌లో చేరడంతో డేకేర్ బిల్లు ఆగిపోయింది. ఈ నెల ఆ సొమ్ములోంచి 300 పౌండ్లు రెడింగ్ ఖాతాకి పంపాను. దాంతో కలిపి ఇప్పటికి రెండు టికెట్లకి సరిపడా చేరాయి.