బదిలీ నాన్నగారు

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతము భూపటమున నాలుగు తునకలై యున్నదని చిన్ననాడు చదివి మరచిపోయినవారు పెక్కుమంది యుండవచ్చును గాని, గౌతమీ గోదావరి యొడ్డున యానాములో సుఖముగా కాపురము చేసికొనుచు, ఒకనాడు ఉత్తర్వు చేతబడగా, 800 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న రాజధానికి, ప్రభుత్వము మారకయే భాష మారిపోయిన చోటికి, ఇద్దరు పసిబిడ్డలతోను ఒక గ్రైండరుతోను తరలిరావలసిన గుమాస్తాకు మాత్రము ఆ భూగోళ పాఠము జన్మమున మరపునకు రాదు. ఇట్లు తరలివచ్చువారిలో ఒక జాతి కలదు. వారిని మేము బదిలీ నాన్నగారని వ్యవహరింతుము.

ఆయనను గుర్తించుట కష్టము కాదు. మండువేసవిలో నెహ్రూ వీధి వెంట చంకలో ప్లాస్టిక్ సంచితో నడచుచుండును. ఆ సంచిలో పిల్లల జనన ధ్రువపత్రములు, టీకాల కార్డులు, నివాస ధ్రువపత్రము, కుల ధ్రువపత్రము, ఒక్కొక్కదానికి ఆరేసి జిరాక్సు ప్రతులు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు, జిగురు సీసా ఉండును. ఎవరైన తెలుగు మాటాడుట చెవినబడెనా, అల్లంత దూరమునుండి వచ్చి, "మీ పిల్లల్ని ఏ బళ్లో ఏసారండీ?" అని యడుగును. పసుపు గోడల ముందు ఫోటో దిగుటకై హైదరాబాదునుండి వచ్చిన, ఇంకను పెండ్లియైనను కాని కుర్రవాడు ఆ ప్రశ్నకు తెల్లబోవుచుండగా, "పోనీ మీ పేటలో నీళ్లెలా ఉంటాయండీ?" అని రెండవ ప్రశ్న వేయును.

బడులను విచారించుటలో ఆయనది కచేరీ పద్ధతి. ఇరువది యేండ్లు సీనియారిటీ జాబితాలను తయారుచేసిన చేయి గనుక, పాఠశాలలను గూడ స్థాపించిన సంవత్సరమునుబట్టి వరుసగా వ్రాసికొనును. విక్టర్ సిమోనెల్ వీధిలోని ఫ్రెంచి లిసే 1826 నాటిది. కావున దానికి అగ్రస్థానము. పెతీ సెమినేర్ 1844, పదునెనిమిదేండ్లు జూనియరు. శ్రీ అరవిందాశ్రమ పాఠశాల 1943 డిసెంబరు 2వ తేదీన శ్రీమాత ప్రారంభించినది. ఆయన లెక్కలో అది నిన్నగాక మొన్న చేరిన ప్రొబేషనరు. ఈ జాబితా చేతబట్టుకొని లిసే వాకిట నిలిచి, "లోపల సెకండ్ లాంగ్వేజి తెలుగుందాండీ?" అని కావలివానిని అడుగగా, అతడు ఆయనను ఆపాదమస్తకము పరికించి, రెండవ భాష మాట దేవుడెరుగును, ఇచ్చట మొదటి భాషయే ఫ్రెంచి యని సైగలతో తెలియజేసెను.

ఆశ్రమ పాఠశాలను గూర్చిన విచారణ మరింత హృదయవిదారకము. అచ్చట విద్యార్థి తన అభిరుచిననుసరించి, తన వేగమున సాగుననియు, గణితమును శాస్త్రములును ఫ్రెంచిలో బోధింతురనియు, చదువు ముగిసిన పిదప పట్టాగాని సర్టిఫికెట్టుగాని యీయరనియు ఒక వృద్ధ సాధకుడు ప్రశాంతముగా వివరించుచుండ, మన నాన్నగారి ముఖమున నెత్తురుచుక్క లేకపోయెను.

"పట్టా ఇవ్వరాండీ?"

"జ్ఞానము కలుగునుగదా!"

"కలుగుతాదండీ, కాదన్ను. కానీ జ్ఞానాన్ని జిరాక్సు తీయించి గెజిటెడ్ ఆఫీసరు చేత సంతకం పెట్టించడానికి కుదరదు కదండీ!"

ఆ సాధకుడు చిరునవ్వు నవ్వెను. మా యుద్దేశములో ఆ నవ్వు న్యాయమైనదే గాని, జీవితమెల్ల ఫైళ్లలో గడపినవానికి కాగితము లేని విద్య సంతకము లేని చెక్కువంటిదని యా మహనీయునకు తోచియుండదు.

ఇక కేంద్రీయ విద్యాలయములు రెండు: జిప్మర్ ఆవరణలో నొకటి, కాలాపేట విశ్వవిద్యాలయ ప్రాంగణమున నొకటి. అచ్చట కేంద్ర ప్రభుత్వోద్యోగుల బిడ్డలకు ప్రథమ ప్రాధాన్యము. అందును గడచిన 7 సంవత్సరములలో ఎక్కువ బదిలీలు పొందినవారు ముందు. లోకమంతయు కన్నీరు పెట్టుకొను బదిలీకి విలువ కట్టిన స్థలము ఇదియొక్కటియే యని విని ఆయన ఉప్పొంగిపోయి, కేంద్రపాలిత ప్రాంతము పేరులోనే కేంద్రమున్నది గనుక తానును కేంద్రోద్యోగియే యని వాదించుచు మూడు పుటల విజ్ఞాపనము వ్రాసెను. దానిని చదివిన తోటి గుమాస్తా భాష బాగున్నదని మాత్రమనెను.

ఆయన భయములు నిరాధారములని కొట్టివేయుటకు వీలులేదు. ఈ ప్రభుత్వమునకు తనదంటూ పరీక్షల బోర్డు లేక, చిరకాలము పుదుచ్చేరి, కారైకాల్ బడులలో తమిళనాడు పాఠములును, మాహేలో కేరళ పాఠములును, యానాములో ఆంధ్ర పాఠములును చెప్పుచుండిరి. ఒకే ప్రభుత్వమున ఒక కచేరీనుండి ఇంకొక కచేరీకి కుర్చీ మార్చినంతనే పిల్లవానికి లిపి, పద్యము, చరిత్ర సర్వమును మారిపోవుచుండెడివి. ఇటీవల ప్రభుత్వ పాఠశాలలను సీబీఎస్‌ఈ పద్ధతికి మార్చిరి గాని, తాతల కాలపు భయము ఉత్తర్వుతో పోవునా!

అన్నిటికంటె పెద్ద భయము వేరొకటి. పెద్దవానికి నాలుగేండ్లు, చిన్నది యింకను చంకలోనే యున్నది. అయినను నాన్నగారు అర్ధరాత్రి లేచి కూర్చుండి వైద్యవిద్య సీట్లను గూర్చి చింతించును. ప్రభుత్వ ప్రవేశ సంస్థయగు సెంటాక్ ద్వారా భర్తీయగు సీట్లలో పుదుచ్చేరికి 75, కారైకాల్‌కు 18, మాహేకు 4, యానాముకు 3 శాతముల ప్రాంతీయ కోటా కలదు. బిడ్డ ఇచ్చట చదివినచో యానాము వాడగునా, పుదుచ్చేరి వాడగునా, ఉభయభ్రష్టుడగునా? ఈ మీమాంస ముగియకముందే ఆ భావి వైద్యుడు పక్క తడిపి లేచి యేడ్చును.

పేటల పరీక్ష బడుల పరీక్షకంటె సూక్ష్మమైనది. కాలువకు తూర్పున నున్న ఫ్రెంచి వీధులలో అద్దె విని వెనుదిరిగెను. రెడ్డియార్‌పాళయములో, పేరును నమ్మి, తెలుగు వినవచ్చునని సాయంత్రమంతయు తిరిగి, తమిళము విని వచ్చెను. రంగపిళ్లై వీధిలో ఒక పూట గడపెను. డూప్లే దొరకు దుబాసీయై, ప్రసిద్ధమైన దినచర్యను వ్రాసిన ఆనందరంగపిళ్లై పేరిటి వీధి యది. ఆయనను ఆశ్రయించిన కస్తూరి రంగకవి తెలుగున ఆనందరంగరాట్ఛందమను లక్షణగ్రంథమునే రచించెను. ఈ సంగతి మేము ఉత్సాహముతో చెప్పుచుండగా నాన్నగారు శ్రద్ధగా విని, "ఇక్కడ స్కూటరు ఎక్కడ పెట్టుకుంటారండీ?" అని యడిగెను.

2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను ఈ తీరమును దాటి, 24 గంటలలో 40 సెంటీమీటర్లకు మించిన వర్షమును కురిపించి, రెయిన్‌బో నగర్ మొదలగు పల్లపు పేటలను ముంచిన నాటినుండి, ఇల్లు చూచుటకు పోయినచో ఆయన గదులను చూడడు. మోకాళ్లపై వంగి గోడ అడుగున నీటి చార కొరకు వెదకును. పిమ్మట సంచిలోనుండి స్టీలు గ్లాసు తీసి, బోరునీరు పట్టి, పుక్కిట నుంచుకొని, కన్నులు మూసికొని, సముద్రము ఎంత దూరమున నున్నదో గ్రహించును. ఫ్రెంచి సైన్యమున పనిచేసి పింఛను పుచ్చుకొను ఒక 'సొల్దా' ఇంటి యజమాని ఈ ఆచమనమును విస్తుపోయి చూచి, తనకు తెలిసిన తెలుగులో, "పిల్లలు గోడ మీద రాస్తారా?" అని యడిగెను. "ఇంకా రాయడం రాదండీ, అందుకే బడి చూస్తన్నాను" అని మన నాన్నగారు వినయముతో ప్రత్యుత్తరమిచ్చెను. ఇల్లు దక్కలేదు.

తుదకు కార్యము నిర్వహించినది ఇల్లాలు. ఒక యుదయమున పెద్ద మార్కెట్టుకు పోయి, వంకాయలు బేరమాడుచు, వచ్చిన నాలుగు తమిళ ముక్కలతో ముత్యాలపేటలో ఇల్లు కుదిర్చి, మధ్యాహ్నమునకు తిరిగివచ్చి, "ఏమండీ, పక్కింటి పిల్లాడెళ్లే వ్యానులో మనోడికీ సీటుందంట. బడి పేరు తర్వాత కనుక్కోండి" అనెను. నాన్నగారు జాబితా తీసి చూచుకొనగా ఆ బడి అందు లేదు. దాని స్థాపన సంవత్సరము నేటికిని ఆయనకు తెలియదు.

అయినను జూలై వచ్చునప్పటికి ఆయన ఈ విషయమున ప్రామాణికుడైపోవును. యానామునుండి క్రొత్తగా వచ్చిన ప్రతి గుమాస్తాను సముద్రతీరమున కూర్చుండబెట్టి, ఏ పేట మంచిదో, ఏ బడి సీనియరో, కోటా ఎట్లు పోవునో గంటలకొలది ఉపదేశించును. మీకు ఈ యూరికి బదిలీయైనచో ఆయన తప్పక తారసపడును. బడి మాట యడుగకుడు. అది ఆయన భార్య నడుగవలెను. ఏ వీధిలో బోరునీరు ఎంత యుప్పనో మాత్రము ఆయననే యడుగుడు. ఆ విషయమున ఆయన మాటకు తిరుగులేదు.