పైపూత

డెంకణికోటలో, బేటరాయస్వామి గుడి దగ్గరి వీధిలో పెండ్లిచూపులు. పళ్లెంలో కేసరిబాతు పెట్టీ పెట్టకముందే మొగపిల్లోని తల్లి మాట తీసింది.

"పిల్ల రంగు రవంత తక్కువే. పోనీలే. బెంగుళూరులో ఏం పని చేస్తావమ్మా?"

"సిలికాన్ నలుసుల మీద పరిశోధన చేస్తా ఉండానత్తా."

"అంటే కంప్యూటరా?"

"కంప్యూటర్ చిప్పుల్లో ఉండేదీ ఆ సిలికానే. పెద్ద ముక్కగా ఉంటే అది వెలగదు. మూడు నాలుగు నానోమీటర్ల నలుసైతే, అంటే మిల్లీమీటరులో మూడు లక్షలో వంతంత, అతినీలలోహిత దీపం కింద ఎర్రగా వెలుగుతాది. 1990లో ఇంగ్లండులో లీ కానమ్ అనే ఆయన సిలికాన్‌ను ఆమ్లంలో పెట్టి, కరెంటు పారించి, సన్న సన్న తొర్రలు చేసి ఆ వెలుగును లోకానికి చూపించినాడు. 2022లో హిరోషిమా యూనివర్సిటీవాళ్లు వడ్ల పొట్టులోనుంచి సిలికాన్ తీసి ఎల్‌ఈడీ దీపమే చేసినారు."

"పొట్టుకు కూడా పీహెచ్‌డీనా!" ఆమె కొడుకు వైపు చూసింది. కొడుకు నవ్వినాడు. "సరే, పెండ్లయినాక ఆ పని మానుకోవాల. మా ఇంట్లో కోడండ్లు సంపాదనకు గడప దాటరు. ఇంతకీ అందులో నువ్వు చేసేదేమి?"

"పైపని. నలుసు అంత చిన్నదైతే దాని పరమాణువుల్లో చెప్పుకోదగ్గ వంతు పైనే ఉంటాయి. అక్కడ జత దొరకని బంధాలు మిగిలితే వెలుగును మింగేస్తాయి. హైడ్రోజన్‌తో జత కడితే వెలుగుతాది గానీ, గాలి తగిలేకొద్దీ ఆక్సిజన్ వచ్చి చేరుతాది. రంగు నిలవదు, వెలుగునూ నమ్మలేము. అందుకే హైడ్రోజన్ ఉన్న చోట పొడుగాటి కార్బన్ గొలుసులు అతికిస్తాము."

"పూత పని అని ఒక్క మాటలో చెప్పరాదా!" ఆమె మొగం విప్పారింది. "అట్లయితే ముహూర్తానికి ముందు ఆ పూతేదో నీ మొగానికీ రాసుకో తల్లీ. ఫోటోల్లో తేలుతావు."

పిల్ల నాయన తల దించుకున్నాడు. పెద్దోళ్లు గొంతులు సవరించుకున్నారు. పిల్ల మాత్రం పాఠం చెప్పినంత నెమ్మదిగానే చెప్పింది.

"అది తెలుపు తెచ్చే పూత కాదత్తా. లోపల ఉండే వెలుగును బయటి గాలి చెరపకుండా కాపాడే పూత."

"కాపాడితే మంచిదే కదా!"

"మంచిదే. కానీ మీ ఇంటి గాలికి తట్టుకునే పూతను ఇంకా ఎవరూ కనిపెట్టలేదు."